మెట్ల కింద – 7: కౌంటరు ఎత్తు 45 అంగుళాలు



పోయిన భాగంలో బస్టాండ్ల గురించీ, కాలేజీ బిల్డింగుల ర్యాంపుల గురించీ రాశాను. అది చదివి ఒంగోలు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మనవాడే, ఉద్యమంలో తిరిగినవాడే. "అన్నా, గవర్నమెంటు ఆఫీసుల సంగతి సరే. ఇప్పుడు గుంటూర్లో, ఒంగోల్లో పెద్ద షాపులవాళ్లు ర్యాంపులు కడుతున్నారుగా. వీల్‌చైర్ లోపలికి పోయాక ఇంకేం కావాలి?" అన్నాడు. వెటకారానికి కాదు, నిజంగానే అడిగాడు. ఆ 'లోపలికి పోయాక' దగ్గరే ఈ భాగం మొదలవుతుంది. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

మా పెద్దమ్మ కూతురు నాకంటే ఆరేళ్లు పెద్ద. మా ఊరు చిలకలూరిపేటకూ పర్చూరుకూ మధ్యలో. ఎనిమిదేళ్ల కింద మిరపకాయ కోతల రోజుల్లో, తెల్లారకముందే పద్నాలుగు మంది ఆడవాళ్లను కుక్కుకుని బయల్దేరిన ఆటో కాలవకట్ట మలుపులో తిరగబడింది. ఇలాంటి వార్తలు మన జిల్లాలకు కొత్త కాదు. చనిపోయినవాళ్ల పేర్లు ఒకరోజు పేపర్లో వేస్తారు. 'తీవ్రంగా గాయపడ్డారు' అని రాసినవాళ్లు తర్వాత ఎట్లా బతికారో ఎవరూ వేయరు. అక్క ఆ రెండో జాబితా మనిషి. నడుం కింద స్పర్శ పోయింది. మొదటి రెండేళ్లు మంచం, తర్వాత వీల్‌చైర్. నోరు మాత్రం ముందెట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది.

పోయిన సంక్రాంతికి ముందు అక్క కూతురు నర్సింగు కాలేజీలో చేరింది. పిల్లకు రెండు డ్రెస్సుల గుడ్డ, తనకొక చీర కొనాలనుకుంది. డబ్బు తనది. పింఛనులో నెలనెలా మిగిల్చి బ్యాంకులో వేసుకున్నది. (రాష్ట్రంలో ఇప్పుడు వికలాంగుల పింఛను 6,000. మంచానికో వీల్‌చైర్‌కో పూర్తిగా పరిమితమైనవాళ్లకు 15,000. అక్కకు వచ్చేది మొదటిది. రెండోదానికి కావాల్సిన కాగితం కోసం ఇంకా తిరుగుతున్నాం. అదొక పెద్ద కథ, వేరే భాగంలో రాస్తా.) పింఛను ఇంటికొచ్చి చేతిలో పెడతారు. అది ఖర్చుపెట్టుకోవడానికి మాత్రం గుంటూరు రావాలి, మెట్లెక్కాలి. ఆ రోజు మేం పోయిన బట్టల షాపుకు మెట్లతోపాటు ర్యాంపు కూడా ఉంది. పేరు రాయను. దాని పక్క షాపూ అంతే, దాని పక్కదీ అంతే.

ర్యాంపు బాగానే కట్టారు, నిజం చెప్పాలి. నిటారుగా లేదు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉంది. సెక్యూరిటీ ఆయన తలుపు పట్టుకుని నమస్కారం పెట్టాడు. అక్క ముఖం వెలిగింది. లిఫ్టులో పై అంతస్తుకు పోయాం. అక్కడ ఆగిపోయాం.

ఆ గదిలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే గాజు కౌంటరు. దాని వెనక సేల్స్ అమ్మాయిలు, ముందు నిలబడి బేరమాడే జనం. వీల్‌చైర్‌లో కూర్చున్న అక్కకు కౌంటరు అంచు సరిగ్గా కళ్ల దగ్గరకొచ్చింది. అటువైపున్న అమ్మాయి తల కనపడుతుంది, చేతులు కనపడవు. గుడ్డ పరిచినప్పుడు కిందికి వేలాడే అంచు కనపడుతుంది, మధ్యలో ఏముందో కనపడదు. ఆ అమ్మాయి మంచిదే. నవ్వుతూ నా వైపు చూసి, "సార్, మేడమ్‌కి ఏ రేంజ్‌లో చూపించమంటారు?" అంది. అక్క కిందనుంచే, "రేంజ్ నన్నడుగు తల్లీ, డబ్బులు నా దగ్గరున్నాయి" అంది. పాపం ఆ పిల్ల బిత్తరపోయింది. మళ్లీ రెండు నిమిషాలకే నా వైపు చూసి మాట్లాడింది. ఆమె తప్పని నేననుకోను. ఎదురుగా ఎవరి ముఖం కనపడితే వాళ్లతోనే మనిషి మాట్లాడతాడు. ఆ కౌంటరు అక్క ముఖాన్ని మింగేసింది.

అక్క ఒక తానును చేత్తో లాగి ఒళ్లో వేసుకుని చూడబోయింది. "నలిగిపోద్ది మేడమ్" అన్నారు. బిల్లు దగ్గర ఇంకో కథ. కార్డు గీసే మిషను కౌంటరు మీద ఉంది, దాని వైరు జానెడు. కిందికి రాదు. వెనక పదిమంది క్యూ. క్యాషు దగ్గర కుర్రాడు సాయం చేసే ఉద్దేశంతోనే, "పిన్ చెప్పండి మేడమ్, నేను కొడతా" అన్నాడు. అంతమంది మధ్యలో! అక్క నన్ను వంగమని చెవిలో చెప్పింది, నేను నొక్కాను. "ఇక నీకు తెలిసిపోయిందిగా, రేపు మార్చుకోవాలి" అని నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. నల్లపాడు దాటాక అంది: "లోపలికైతే పోయాం గానీ, కొనింది నువ్వేరా."

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ని. జాషువా 'గబ్బిలం' 1941లో అచ్చయింది, వినుకొండ మనిషి రాసింది. గుడిలోకి రానివ్వని మనిషి తన బాధను శివుడి చెవిన వేయమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. దాన్నెవరూ ఆపరు కాబట్టి. ఏళ్లతరబడి క్లాసులో చెప్పాను, ఆ మనిషి ఎవరో నాకు తెలుసనుకున్నాను. ఆ రోజు అక్కకూ కౌంటరుకూ మధ్య గబ్బిలం పాత్ర నాది. ఇటు మాట అటు, అటు మాట ఇటు. ఆ పాత్ర అంత సుఖమైనది కాదని అప్పుడు తెలిసింది.

బట్టల సంగతి వదిలేయండి, నచ్చకపోతే ఇంకోటి కట్టుకుంటాం. అసలు నష్టం ఎక్కడో చెప్తాను. మా ఊళ్లో పోలియో వచ్చిన ఒకాయన ఉన్నాడు, వరసకు బాబాయి. రెండెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేస్తాడు. వెనక రెండు చక్రాలు అదనంగా బిగించిన స్కూటర్ మీద టౌనుకొచ్చి విత్తనాలు, పురుగుమందులు కొంటాడు. మన వైపు పురుగుమందుల కొట్టు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. రోడ్డు నుంచి మూడు మెట్లు, పైన అరుగు, అరుగు మీద ఛాతీ ఎత్తు కౌంటరు. బాబాయి దిగడు. దిగి ప్రయోజనం లేదు. స్కూటర్ మీద కూర్చునే కేకేస్తాడు. లోపలున్నాయన చూసి కుర్రాడితో డబ్బా పంపిస్తాడు. బాబాయి డబ్బులిచ్చి పంపిస్తాడు. మిగతా చిల్లర మళ్లీ కుర్రాడే తెస్తాడు. ఎవరూ ఎవర్నీ అవమానించలేదు. అందరూ సాయమే చేస్తున్నారు.

ఇప్పుడు ఆ కౌంటరు దగ్గర నిలబడ్డ రైతు ఏం చేస్తాడో చూడండి. తెగులు పట్టిన ఆకు గాజు మీద పరిచి చూపిస్తాడు. రెండు మూడు డబ్బాలు చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తాడు. విషం ఎంత ఘాటో చెప్పే రంగు గుర్తు లేబుల్ మీద ఉంటుంది. ఎర్రదా, పసుపుదా, నీలమా, ఆకుపచ్చదా అని చూసుకుంటాడు. గడువు తేదీ చూస్తాడు. పక్కన నిలబడ్డ రైతుని, "ఇది కొట్టావా, పనిచేసిందా?" అని అడుగుతాడు. బేరమాడతాడు. బిల్లు రాయించుకుంటాడు. బాబాయికి వీటిలో ఒక్కటీ లేదు. లోపలి మనిషి ఏది పంపితే అదే ఆయన పొలానికి మందు. బిల్లు అడిగితే, "తర్వాత పంపిస్తాలే" అంటారు. విత్తనం నకిలీదై మొలవకపోతే, మందు కల్తీదై పురుగు చావకపోతే, నష్టపరిహారం అడగడానికి మొట్టమొదట చూపించాల్సిన కాగితం ఆ బిల్లే. కౌలు రైతుకు అప్పటికే పొలం కాగితం ఉండదు. కొట్టు కాగితం కూడా లేకపోతే ఏం పట్టుకుని ఏ ఆఫీసుకు పోవాలి?

కిరాణా కొట్టులో కాటా సంగతీ ఇదే. ఎలక్ట్రానిక్ కాటా కౌంటరు మీద ఉంటుంది, దాని అంకెలు నిలబడ్డవాళ్ల కళ్లకు ఎదురుగా ఉంటాయి. కూర్చున్న మనిషికి కాటా అడుగు కనపడుతుంది. తూకంలో మోసమంటే ఏంటో మిరపకాయలు కోసి కూలి తీసుకున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

మా తాత చెప్పిన మాట ఒకటి. ఆయన చిన్నతనంలో మా పల్లె మనిషి ఊళ్లో కొట్టుకు పోతే అరుగు ఎక్కకూడదు. కింద నిలబడి ఏం కావాలో అరవాలి. డబ్బులు అరుగు మీద పెట్టి వెనక్కి జరగాలి. కొట్టాయన వాటిమీద నీళ్లు చల్లి తీసుకునేవాడట. పొట్లం పైనుంచి జారవిడిస్తే తుండుగుడ్డలో పట్టుకోవాలి. తూకం చూసే హక్కు లేదు, సరుకు ముట్టుకుని చూసే హక్కు అసలే లేదు. డబ్బు మాత్రం అందరికిలాగే ఇవ్వాలి, ఒక్కోసారి ఎక్కువే ఇవ్వాలి.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. బాబాయి స్కూటరూ తాత తుండుగుడ్డా ఒకటేనని నేననడం లేదు. తాతను కింద నిలబెట్టింది అసహ్యం. బాబాయిని బయట నిలబెట్టింది అజాగ్రత్త. అసహ్యం నేరం, అజాగ్రత్త మామూలు పొరపాటు అని లోకం అంటుంది. కానీ అరుగు కిందున్న మనిషి వైపు నుంచి చూస్తే సరుకు కనపడకపోవడం, తూకం తెలియకపోవడం, ఇచ్చింది పుచ్చుకోవడం అవే. కారణం వేరైనా చేతికొచ్చే పొట్లం ఒకటే. అందుకే ఈ సంగతి మనకు అందరికంటే ముందు అర్థం కావాలి.

ఇప్పుడు రాజ్యాంగానికి వద్దాం. ఆర్టికల్ 15(2) మనలో చాలామందికి నోటికి వస్తుంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుణ్నీ కొట్లలోకీ, హోటళ్లలోకీ, వినోదశాలల్లోకీ పోకుండా ఆపకూడదు. బావులు, చెరువులు, రోడ్లు కూడా అందులో ఉన్నాయి. ఆ జాబితాలో మొట్టమొదటి మాట 'కొట్టు'. బావి కంటే ముందు, రోడ్డు కంటే ముందు కొట్టు! ఇంగ్లిషు ప్రతిలో ఇంకో విశేషం ఉంది. అక్కడ వాడిన మాట 'డిసెబిలిటీ'. పౌరుడి మీద ఏ డిసెబిలిటీనీ మోపకూడదు అని. ఆ కాలంలో అంటరానితనం వల్ల కలిగే ఆటంకాలను ఆ మాటతోనే పిలిచేవాళ్లు. 1938లో మద్రాసు ప్రెసిడెన్సీ చేసిన చట్టం పేరు కూడా 'సివిల్ డిసెబిలిటీస్' తొలగింపు చట్టమే. గుంటూరు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. మన తాతల్ని చట్టం ఆ మాటతోనే పిలిచింది. ఇప్పుడు అదే మాటతో అక్కను పిలుస్తోంది.

1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో ఈ అధికరణం మీద చర్చ జరిగింది. అప్పటికి దాని నంబరు 9. 'కొట్టు' అంటే ఏమిటి అన్న ప్రశ్న వచ్చింది. మంగలి షాపు వస్తుందా, లాండ్రీ వస్తుందా? బాబాసాహెబ్ ఇచ్చిన జవాబు నేను ఎన్నోసార్లు చదివాను గానీ, అక్క ఆటోలో ఆ మాటన్న రాత్రి మళ్లీ తీసి చదివితే కొత్తగా కనపడింది. వచ్చినవాళ్లెవరికైనా తన సేవ అందించడానికి సిద్ధపడి కూర్చున్న చోటు ఏదైనా కొట్టే అన్నాడాయన. డాక్టరు, లాయరు కూడా అందులోకి వస్తారన్నాడు. ఆ మాటను లోపలికి రానివ్వడం అనే చిన్న అర్థంలో వాడలేదని, అక్కడి షరతులకు ఒప్పుకున్న మనిషికి అక్కడి సేవ దక్కాలన్న పెద్ద అర్థంలో వాడామని విడమర్చి చెప్పాడు. ఆ నిర్వచనాన్నే పట్టుకుని 2011లో సుప్రీంకోర్టు ప్రైవేటు కాలేజీలు కూడా ఆర్టికల్ 15(2)లోకి వస్తాయంది.

ఒంగోలు తమ్ముడికి నా జవాబు ఇదే. ర్యాంపు రానివ్వడం. కౌంటరు సేవ. కొట్టు అనే మాటకు మొదటి అర్థం చాలదని బాబాసాహెబ్ ఏనాడో చెప్పాడు. అక్క చదువుకోకుండానే అదే మాట చెప్పింది.

అయితే ఆర్టికల్ 15 జాబితాలో కులం ఉంది, వైకల్యం లేదు. ఆ లోటు పూడ్చడానికి వచ్చింది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. మనవాళ్లు చాలామంది దీన్ని పింఛన్ల చట్టం, రిజర్వేషన్ల చట్టం అనుకుంటారు. కాదు. ప్రజలు వచ్చిపోయే భవనం అంటే ప్రభుత్వానిదే కాదు, వ్యాపారం నడిచే ప్రైవేటు భవనం కూడా అని సెక్షన్ 2లోనే రాశారు. సెక్షన్ 44 ప్రకారం ఈ ప్రమాణాలు లేని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు, కట్టాక వాడుకోవడానికి సర్టిఫికెట్టూ ఇవ్వకూడదు. సెక్షన్ 46 ఇంకా సూటిగా ఉంది. సేవలందించేవాళ్లు ప్రభుత్వమైనా ప్రైవేటైనా, నియమాలు వచ్చిన రెండేళ్లలో తమ సేవను అందరికీ అందేలా మార్చుకోవాలి. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. లెక్కేసుకోండి, 2019 జూన్‌తో గడువు అయిపోయింది. ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 నుంచి 5 లక్షల దాకా. మన రెండు జిల్లాల్లో ఒక్క షాపుకు ఈ జరిమానా పడిందని నేను వినలేదు.

ఎందుకు పడలేదో సుప్రీంకోర్టే చెప్పింది. చూపులేని రాజీవ్ రటూరి 2005లో వేసిన పిటిషన్ మీద 2024 నవంబర్ 8న తీర్పు వచ్చింది. చట్టం 'తప్పనిసరి' అంటుంటే, దానికింద కేంద్రం చేసిన 15వ నియమం 'ఇట్లా చేస్తే బాగుంటుంది' అన్న ధోరణిలో ఉంది, అది చెల్లదు అంది కోర్టు. ఎవరూ దాటడానికి వీల్లేని కనీస ప్రమాణాలను మూడు నెలల్లో విడిగా రాయమంది. ఆ మూడు నెలలు ఎప్పుడో గడిచాయి. పిటిషన్‌కూ తీర్పుకూ మధ్య పంతొమ్మిదేళ్లు. చట్టంలో హక్కుగా ఉన్నది నియమంలోకొచ్చేసరికి సలహాగా మారిపోవడం మనకు కొత్త కాదు. కారంచేడు, చుండూరు తర్వాత ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో కాగితానికీ స్టేషనుకూ మధ్య ఎంత దూరమో చూసినవాళ్లం.

ఇంతకీ చట్టం అడిగేది ఎంత? కేంద్రం 2021లో సవరించి ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. మొత్తం కౌంటరు పగలగొట్టమని ఎవరూ అనలేదు. అందులో ఒక ముక్క నేల నుంచి దాదాపు 75, 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. కింద కాళ్లు, చక్రాలు దూరేంత ఖాళీ ఉండాలి. అంతే. అమెరికాలో 1990 నుంచే దీనికి చట్టం ఉంది. అక్కడి కొలతల ప్రకారం కౌంటరులో కనీసం 36 అంగుళాల పొడవు ముక్క 36 అంగుళాలకు మించని ఎత్తులో ఉండాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు రోజూ ఆ కింది ముక్క మీద సంచి పెట్టుకుని బిల్లు కట్టి వస్తుంటారు. అదెందుకు కిందికి ఉందో అడిగిచూడండి, చాలామందికి తెలియదు.

నెల తర్వాత టేపు తీసుకుని ఆ బట్టల షాపుకు ఒక్కణ్నే పోయాను. కౌంటరు 45 అంగుళాలు. 80 సెంటీమీటర్లంటే దాదాపు 31. తేడా 14 అంగుళాలు. ఒక వడ్రంగికి ఒకటి రెండు రోజుల పని.

ఓనరుతో మాట్లాడాను. మర్యాదస్తుడు, కాఫీ తెప్పించాడు. "సార్, అట్లాంటివాళ్లు నెలకు ఒక్కరు కూడా రారండి" అన్నాడు. అది అబద్ధం కాదు. వాళ్లెందుకు రారో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. ఒకసారి వచ్చినవాళ్లు రెండోసారి తమ్ముణ్ని పంపిస్తారు, కూతుర్ని పంపిస్తారు. అక్క కూడా తర్వాతి సారి, "నువ్వే తెచ్చెయ్" అంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు, జనాభాలో 2.21 శాతం. ఎస్సీల్లో విడిగా చూస్తే 2.45 శాతం, ఎస్టీలకంటే, మిగతా అందరికంటే ఎక్కువ. ఎందుకెక్కువో మనకు తెలుసు. ఆటోల్లో కుక్కుకుని పనికి పోయేది ఎవరు, పోలియో చుక్కలు ఆఖరున అందిన పల్లెలు ఎవరివి, కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగినవాళ్లలో నీళ్లు కొనుక్కోలేనివాళ్లు ఎవరు?

"పోనీ ఇంటికి పంపిస్తాం సార్, వాట్సాప్‌లో ఫొటోలు పెడతాం" అన్నాడు. ఈ మాట ఇప్పుడు అందరూ అంటున్నారు. వయసు మళ్లినవాళ్లకూ వికలాంగులకూ రేషను ఇంటికి తెచ్చివ్వడం మంచి పనే, నేను కాదనను. కదలలేని మనిషికి అది అవసరం. కానీ కదిలి, ఇంత దూరం ఆటో మాట్లాడుకుని వచ్చిన మనిషికి 'ఇంట్లోనే ఉండండి, పంపిస్తాం' అనడం ఏ రకం మర్యాద? అక్కతో చెబితే, "చీరను ఫోన్లో చూస్తార్రా ఎవరైనా? చేత్తో పట్టుకుని, అంచు చూసి, పక్కనామె ఏం కొంటుందో చూసి కదా కొనేది" అంది. బజారుకు పోవడమంటే సరుకు తెచ్చుకోవడం ఒక్కటే కాదని ఇంట్లో కూర్చున్నవాళ్లకే బాగా తెలుసు.

ఒక పక్క మాట. చీరాల వైపు పాత చేనేత బట్టల కొట్లలో, ఎత్తు కౌంటర్లు రాకముందు, అడుగున్నర ఎత్తు బల్ల మీద తెల్లటి పరుపు వేసి, దానిమీద అమ్మేవాళ్లు కూర్చుని చీరలు పరిచేవాళ్లు. ఎదురుగా స్టూళ్ల మీద కొనేవాళ్లు. ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. ఆ బల్ల దగ్గర అక్క వీల్‌చైర్ అందరి స్టూలుతో సమానం. గుమ్మం మెట్లు దాటించగలిగితే, ఏసీ షోరూము కంటే ఆ పాత కొట్టే నయం. ఆధునికం అనుకుని తెచ్చిపెట్టుకున్నది ఈ నిలబడే కౌంటరు.

పేర్ల సంగతి కూడా చెప్పి తీరాలి. 2015 డిసెంబర్‌లో ప్రధానమంత్రి రేడియోలో 'దివ్యాంగులు' అనమన్నారు. మన రాష్ట్రంలో శాఖ పేరు 'విభిన్న ప్రతిభావంతులు'. హరిజనులు అని పిలిపించుకున్న జాతి మనది. దేవుడి పేరు తగిలించిన చోట హక్కు ఎంత పలచబడుతుందో మనకెవరూ నేర్పక్కర్లేదు. ఈ భాగాలన్నిట్లో నేను వికలాంగులు అనే రాస్తున్నాను. అక్క అయితే, "దివ్యం లేదు, గివ్యం లేదు, బల్ల కిందికి దించమను" అంటుంది.

ఇక మన ఇంటి మురికి. పోయిన ఏప్రిల్ 14న మేమే జరిపిన జయంతి సభ మొదటి అంతస్తు హాల్లో. ఇరవై రెండు మెట్లు. అక్క వస్తానంటే నేనే తీసుకొచ్చాను, మెట్ల సంగతి గుర్తులేకుండానే! నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా మోస్తామన్నారు. "శవాన్ని మోసినట్టు నన్ను మోయొద్దు" అని కిందే ఉండిపోయింది. నేను పైన సమానత్వం మీద నలభై నిమిషాలు మాట్లాడాను. అక్క కింద మెట్ల దగ్గర మైకులో వింది. దిగొచ్చాక, "బాగా మాట్లాడావు" అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. షాపు ఓనరు పేరు రాయకపోవడానికి ఇదీ ఒక కారణం.

1977 ఏప్రిల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వికలాంగులు వందమందికి పైగా ఒక ఫెడరల్ ఆఫీసులోకి పోయి కూర్చున్నారు. ఏళ్లుగా మూలపడేసిన 504వ సెక్షన్ నియమాల మీద సంతకం పెట్టమని. దాదాపు నాలుగు వారాలు కదల్లేదు. వాళ్లకు రోజూ వేడి అన్నం తెచ్చిపెట్టింది బ్లాక్ పాంథర్లు. లోపల కూర్చున్నవాళ్లలో పాంథర్ల మనిషి బ్రాడ్ లోమాక్స్ కూడా వీల్‌చైర్‌లో ఉన్నాడు. సంతకం పడింది. అమెరికా షాపుల్లో ఆ కింది ముక్క రావడానికి వేసిన తొలి అడుగుల్లో అదొకటి. దళిత పాంథర్స్ అన్న పేరు 1972లో మనం వాళ్లనుంచే తెచ్చుకున్నాం. పేరొక్కటే తెచ్చుకున్నామేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

మళ్లీ షాపు దగ్గరకు. ఓనరు కౌంటరు కోయించలేదు గానీ, బిల్లు దగ్గర ఒక మామూలు బల్ల వేయించాడు. కార్డు మిషనుకు పొడుగు వైరు పెట్టించాడు. సంతోషించాను. రెండు నెలల తర్వాత అక్కను బలవంతంగా బయల్దేరదీసి పోతే, బల్ల మీద క్యారీబ్యాగుల కట్టలు, ఒక నీళ్ల క్యాను, ఎవరిదో టిఫిను బాక్సు. క్యాషు కుర్రాడు మమ్మల్ని చూసి గబగబా తీయబోయాడు. అక్క, "ఆగు బాబూ" అని కట్టలు ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది. బల్ల తుడిచింది. మిషను దగ్గరకు లాక్కుని, నన్ను అటు తిరగమంది. పిన్ను తనే కొట్టుకుంది. కొత్త పిన్ను, నాకు తెలియదు.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి అక్కా, స్కూటర్ బాబాయీ, నేనూ బ్రాడీపేట నుంచి మొదలుపెట్టి ఒక్కో షాపు కౌంటరు కొలవబోతున్నాం. బట్టల షాపులు, మందుల షాపులు, పురుగుమందుల కొట్లు. గొడవకు కాదు. ఎత్తు రాసుకుని, ఓనరుకు ఒక కాగితం ఇచ్చి, మూడు నెలలు టైమిచ్చి, తర్వాత రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పెడతాం. తెలుగులో ఫిర్యాదు రాసే పని నాది. లా చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇద్దరు కావాలి. ఒంగోలు నుంచి ఆ తమ్ముడు వస్తానన్నాడు. వచ్చేవాళ్లు శుక్రవారంలోగా చెప్పండి, భోజనాలు చూసుకోవాలి. టేపు అక్క దగ్గరుంది.